ధనిష్ఠలో పడిన ఆపరేషను

బోధన్ చక్కెర కార్ఖానాలో చెరుకు బండ్లు తూచే కాటా గుమాస్తా లక్ష్మీరాజానికి గుండె కవాటం ముడుచుకుపోయింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. పంతొమ్మిది వందల డెబ్భై నాలుగులో హైదరాబాదు డాక్టరు చూసి, శ్రావణంలో ఆపరేషనుకు తేదీ ఇచ్చాడు.

"గుండెను అరగంట ఆపుతాం. ఆ అరగంటా చుట్టూ ఐసు పెడతాం. చల్లగా ఉంటే కండరానికి ఆకలి తెలియదు, చెడిపోదు. మళ్లీ వెచ్చబడగానే కొట్టుకుంటుంది."

లక్ష్మీరాజానికి అర్థమైంది. భార్య గోదావరికీ అర్థమైంది. ఆమె అన్న ఆత్మారాంకు మాత్రం అర్థం కాలేదు. ఆయన లెక్కల మాస్టరు కాబట్టి నిర్ణయాలన్నీ ఆయనవే.

ఆత్మారాం పంచాంగం తీశాడు. ఆ తేదీ ధనిష్ఠ పంచకంలో పడింది. ఆ ఐదు నక్షత్రాల్లో ప్రాణం ఎక్కడ పోయినా ఇంటికి ఆరు నెలలు తాళం వెయ్యాలి. లక్ష్మీరాజం కొత్త ఇంట్లో దిగి మూడు నెలలు కాలేదు. ముందరి రెండు గదుల్లో, చుట్టరికం కొద్దీ, ఆత్మారాం కాపురం.

"పానం పోవుడేంది అన్న? ఆపి మల్ల నడిపిస్త అన్నడు గద డాక్టరు," అంది గోదావరి.

"ఆగినంక పోనట్టెట్లయితది చెల్లె?"

పంతులు వచ్చి, చాయ్ తాగి, శాస్త్రంలో ఐసు ప్రస్తావన లేదని తేల్చాడు. ప్రాణం పోయి తిరిగొచ్చినా పోయిన నక్షత్రమే లెక్కట.

"ఐదు దినాలే గద బావ, జరుపుదాం," అన్నాడు ఆత్మారాం.

"తేదీ జరిగితె నా వంతు ఎనుకకు పోతది బావ. కొట్టిన చెరుకు కాటాకాడ రెండు దినాలు ఆగితెనే ఎండుతది. రోజు జూస్త గద."

"నువ్వు చెరుకువా బావ?"

అందరూ నవ్వారు. లక్ష్మీరాజం కూడా నవ్వబోయి, ఊపిరందక మానుకున్నాడు.

ఇంట్లో శుభకార్యం ఉందని ఆత్మారాం హైదరాబాదుకు ట్రంకాల్ చేశాడు. ఐదు రోజులూ గడిచాయి. ఇంటికేమీ కాలేదు. డాక్టరు దగ్గర వంతు మాత్రం మాఘానికి పోయింది. ఆలోపు లక్ష్మీరాజానికి కాళ్లు వాచాయి. పడుకుంటే ఊపిరాడక కూర్చునే నిద్రపోయేవాడు.

మాఘంలో మంచి నక్షత్రం చూసుకుని ముగ్గురూ వెళ్లారు. డాక్టరు ఎక్స్‌రే చూసి చెయ్యనన్నాడు.

"కండరం సాగిపోయింది. ఇప్పుడు ఆపితే ఎంత ఐసు పెట్టినా మళ్లీ లేవదు. శ్రావణంలో ఎందుకు రాలేదు?"

ఆత్మారాం శుభకార్యం పేరెత్తకుండా బోధన్ బస్సు టైమెంతని అడిగాడు.

తిరుగు బస్సులో ఆత్మారాం కిటికీ సీటు బావకిచ్చి, వెనక సీట్లోని పెద్దమనిషికి సంగతి వివరించాడు. "నేను అప్పుడే ఒద్దన్న. ఇయ్యాల డాక్టరే ఒద్దంటుండు. శాస్త్రం ఊకె చెప్తదా?"

"ఔ అన్న, ఇల్లయితె దక్కింది," అంది గోదావరి. "ఇగ మా ఎనుక గదులు గూడ నువ్వే సూసుకో."

దుఃఖంలో ఉన్న చెల్లెలి మాట తీసెయ్యడం ఆత్మారాంకు ఇష్టం లేకపోయింది. సరేనన్నాడు.