ఎవరూ కూర్చోని వైపు

ప్రతి మంగళవారం దీపాలు పెట్టే వేళకి హైమావతి ఇంటి హాల్లో తూర్పు గోడ సెలవు మీద వెళ్ళిపోతుంది. వెళ్తూ వెళ్తూ తన మీదున్న క్యాలెండరునీ, గడియారాన్నీ, పెళ్ళి ఫొటోనీ వెంట తీసుకుపోతుంది. బల్లి మాత్రం విసుక్కుంటూ పక్క గోడ మీదికి మారుతుంది. గోడ ఉండాల్సిన చోట మెట్లు మెట్లుగా కుర్చీలు, కుర్చీల నిండా జనం. కాకినాడలో ఆ వీధికి ఇదేం వింత కాదు. ఎదురింటివాళ్ళకి శుక్రవారాలు పైకప్పు ఉండదు.

జనం నవ్వితే ఆ నవ్వు పేలాల్లా హాల్లో రాలుతుంది. హైమావతి భర్త గవర్రాజు సోఫా మీంచి జారిపడితే అరబుట్ట. ఆయన్ని తల్లి మంగాయమ్మ ఒక్క మాటతో కడిగేస్తే నిండు బుట్ట. కూతురు ప్రత్యూష కళ్ళు తిప్పితే దోసెడు. పక్కింటి తిరపతిరావు తలుపు తట్టకుండా వీధి గుమ్మంలోంచి వస్తాడు చూడండి, ఆయన నోరైనా విప్పకముందే చప్పట్లు. ఆ పేలాలతోనే వారమంతా ఇంట్లో లైట్లు వెలుగుతాయి.

హైమావతి వంటింటి గుమ్మంలోంచి వస్తుంది. వంటింటి గుమ్మానికి చప్పట్లు కొట్టిన మహానుభావుడు ఇంతవరకూ పుట్టలేదు. ఆమెకి ఉన్నది ఒకటే మాట: “అన్నం చల్లారిపోతోంది, లెగండి.” ఆ మాటకి ఒక్క పేలం గింజ కూడా రాలదు. అంతా అయ్యాక ఊడ్చేది మాత్రం ఆవిడే.

హాలు మధ్యలో పెద్ద భోజనాల బల్ల ఉంది. దానికి ఒకవైపే కుర్చీలు, అవి కూడా మూడే. రెండోవైపు ఎవరూ కూర్చోరు, ఎందుకంటే జనానికి వీపు చూపించకూడదు. మిగిలిన కుర్చీల్ని గవర్రాజు బల్ల కొన్ననాడే అటకెక్కించేశాడు. మూడు కుర్చీల్లో ముగ్గురు కూర్చుంటారు, హైమావతి వడ్డిస్తుంది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటేనంటారు గానీ, వడ్డించేది మనమే అయితే ఏ బంతిలో కూర్చోవాలో ఆ సామెత చెప్పిన పెద్దమనిషి చెప్పలేదు. అందరి తిండీ అయ్యాక వంటగట్టు దగ్గర నిలబడి, చల్లారిన అన్నం తింటుంది హైమావతి.

ఆ మాటకొస్తే పెళ్ళి ఫొటోలో కూడా గవర్రాజు కుర్చీలో కూర్చుని ఉంటాడు. ఆమె పక్కన కుర్చీ మీద చెయ్యేసి నిలబడి ఉంటుంది. ఒక్క నిమిషం అలాగే ఉండమ్మా అన్నాడు ఫొటోగ్రాఫరు. ఆ నిమిషం ఇంకా అవలేదు. హైమావతికి దీనిమీద కోపమేం లేదు. ఒక్కసారి ఆ బల్ల దగ్గర కూర్చుని, అందరితో పాటు వేడన్నం తినాలని మాత్రం మహా కోరికగా ఉంది.

ఏ వారం ఏం జరగాలో పొద్దున్నే పాలప్యాకెట్టు మీద ముద్రించి వస్తుంది. ఈ వారం ‘భోజనానికి ముఖ్యమైన అతిథి’ అని ఉంది, పేరు లేదు. గవర్రాజు అది తన ఆఫీసరేనని తేల్చేసి పనసపొట్టు కూర చెయ్యమన్నాడు. మంగాయమ్మ పిఠాపురం నుంచి తన తమ్ముడొస్తాడని ముక్కల పులుసు పెట్టమంది. ప్రత్యూష తన స్నేహితురాలి కోసం పెరుగు వడలు అడిగింది. హైమావతి ఎవరినీ కాదనలేదు. ఎవరూ అడక్కపోయినా తనకిష్టమని గుత్తివంకాయ కూడా చేసింది.

సాయంత్రం వీధి గుమ్మం గంట మోగుతుంది. ముగ్గురూ తమతమ కుర్చీల్లో సర్దుకుని కూర్చుంటారు. ఎవరొచ్చారో చూసి రమ్మని గవర్రాజు భార్యని పంపుతాడు. హైమావతి చేతులు తుడుచుకుని వీధి తలుపు తీసుకుని బయటికెళ్తుంది. గుమ్మంలో మనుషులెవరూ లేరు. కాళ్ళు తుడుచుకునే పట్టా మీద గంట ఒక్కటే నిలబడి ఉంది. తన పని అయిపోయిందని చెప్పి అది మెట్లు దిగి వెళ్ళిపోతుంది. హైమావతి కాసేపు చూసి, మళ్ళీ లోపలికి వస్తుంది.

చప్పట్లు మోగిపోతాయి. తిరపతిరావు వచ్చాడేమోనని ఆమె వెనక్కి తిరిగి చూస్తుంది. ఎవరూ లేరు. పేలాలు చీలమండల దాకా పేరుకుంటాయి.

“ఎవరే?” అంటాడు గవర్రాజు ఆమె భుజం మీదుగా చూస్తూ.

“ఎవరూ లేరండి. నేనే వచ్చాను.”

మంగాయమ్మ వేళ్ళు మడిచి లెక్కేస్తుంది. కోడలు వీధి గుమ్మంలోంచి వచ్చింది. చప్పట్లు పడ్డాయి. ఇంకెవరూ రాలేదు. ముసలావిడకి లెక్క సరిపోయింది.

“అతిథి ఈవిడేరా. కుర్చీ దింపు. అతిథిని నిలబెట్టి తినే కొంప కాదు మనది.”

గవర్రాజు నిచ్చెనేసుకుని అటకెక్కుతాడు. ఇన్నేళ్ళు కదలకుండా పడి ఉండటం వల్ల కుర్చీ కాస్త ఎదిగింది. కొన్నప్పుడు లేని చేతులు రెండు మొలిచాయి. దాన్ని దింపి పట్టుకున్నాడే గానీ ఎక్కడ వెయ్యాలో తెలీదు. ఈవైపు ముగ్గురి మధ్యా చీమ దూరే సందు లేదు. మిగిలింది ఆవైపే.

ఆయన కుర్చీని ఆవైపు వేసి, జనం వైపు దొంగచూపు చూస్తాడు. “అటు కూర్చుంటే వాళ్ళకి వీపు చూపించినట్టే హైమా. లేచెళ్ళిపోతారు. లైట్లు పోతాయి.” గొంతు తగ్గించి, నిజంగా భయపడే అంటాడు.

హైమావతి జనం వైపు చూస్తుంది. బల్ల మీది గిన్నె వైపు చూస్తుంది. అన్నం మీంచి ఆవిరి లేస్తోంది.

“వేడిగా ఉందండి,” అని, కూర్చుంటుంది.

చప్పట్లు ఆగిపోతాయి. లైట్లు పసుపు రంగుకి దిగుతాయి. జనానికి ఇప్పుడు ఆమె ముడీ, ముడిలోని కనకాంబరాలూ తప్ప ఇంకేం కనపడవు. కొడుకుని వడ్డించమంటుంది మంగాయమ్మ. గవర్రాజు కూర వేస్తాడు, పులుసు పోస్తాడు, నెయ్యి కోసం వంటింట్లోకి వెళ్తాడు. ఎన్నడూ అడుగుపెట్టని మనిషి వచ్చేసరికి వంటిల్లు మర్యాదగా వెనక్కి జరుగుతూ పోతుంది.

“హైమా, సర్పవరం జంక్షను దాటేశాను. వంటగట్టు ఇంకా కనపళ్ళేదు.” గొంతు చాలా దూరం నుంచి వినపడుతుంది.

“తిన్నగా రండి. పోపుల డబ్బా వెనకాలే ఉంటుంది,” అంటుంది హైమావతి, కూర్చున్నచోటి నుంచి లేవకుండా.

ఆయన నెయ్యి గిన్నెతో తిరిగొచ్చేసరికి గెడ్డం మాసి ఉంది. అన్నం మాత్రం ఆయన కోసం వేడిగానే ఆగింది. హైమావతి గుత్తివంకాయ కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటుంది. నాలిక చురుక్కుమంటుంది. తన చేతి వంకాయ ఇంత బాగుంటుందని ఇన్నేళ్ళూ ఎవరో చెప్తే వినడమే. కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. అది కారం వల్ల కాదు, సంతోషం వల్ల.

వెనకాల కుర్చీలు కిర్రుమంటాయి. మొదటి వరస లేచి నిలబడుతుంది. గవర్రాజు తల పట్టుకుంటాడు. చీకట్లోంచి ఎవరో పెద్దావిడ గొంతు: “అమ్మాయ్, మొహం కనపట్టంలేదమ్మా.”

హైమావతి తల తిప్పదు. “తింటున్నానండి. ఇటొస్తే కనపడుతుంది.”

వాళ్ళు వస్తారు. ముందు ఆడవాళ్ళు వస్తారు. ఎవరి కుర్చీ వాళ్ళు చంకనేసుకుని, పేలాలు తొక్కకుండా అడుగులేస్తూ, చేతులు కడుక్కుని ఎవరూ కూర్చోని వైపు బారుగా నిలబడతారు. వాళ్ళెప్పుడూ కడబంతివాళ్ళేనని నిలబడ్డ తీరు చూస్తేనే తెలుస్తుంది. ఏం చెయ్యాలో తెలియక హైమావతి ముఖమే చూస్తుంటారు.

“అన్నం చల్లారిపోతోంది,” అంటుంది హైమావతి. “కూర్చోండి.”

ఎవరో కిసుక్కుమంటారు. మంగాయమ్మకి పొలమారుతుంది. ప్రత్యూష పొట్ట పట్టుకుంటుంది. నవ్వు ఆ కొస నుంచి ఈ కొసకి పాకి, పేలాలు కిటికీ చువ్వల దాకా లేస్తాయి. లైట్లన్నీ ఒక్కసారి భగ్గున వెలుగుతాయి. బల్ల ఎంతమంది కూర్చుంటే అంత పొడవు సాగుతుంది. గవర్రాజు వడ్డిస్తూ వెళ్తుంటాడు, ఆ చివర ఆయన చేతిరుమాలంత కనపడుతున్నాడు. గుత్తివంకాయ తరగడం లేదు.

చూసేవాళ్ళంతా తినడానికి వచ్చేశాక గోడకి సెలవు రద్దవుతుంది. వీధి తలుపు తోసుకుని లోపలికొస్తుంది. దానికీ చప్పట్లు పడతాయి. ఒళ్ళంతా సున్నం చెమట. గుమ్మం పక్కనే, అలవాటు కొద్దీ నిటారుగా నిలబడిపోతుంది.

“ఇల్లు కట్టినప్పటి నుంచీ నిలబడే ఉన్నావు,” అంటుంది హైమావతి, పక్కకి జరిగి చోటిస్తూ. “రా, కూర్చో.”

గోడ మొహమాటపడుతుంది. తరవాత నడుం దగ్గర మెల్లగా వంగి, ఇటుకలు సర్దుకుని, ఆమె పక్కన, ఆమె వైపు తిరిగి కూర్చుంటుంది. బల్లి తిరిగొచ్చి దాని భుజమెక్కుతుంది. ఇప్పుడు గోడ గుండెల మీదున్న పెళ్ళి ఫొటో హైమావతి ముఖానికి సరిగ్గా ఎదురుగా ఉంది.

ఫొటోలో పెళ్ళికొడుకు ఇటు తొంగి చూసి, నెయ్యి సరిపోదనుకున్నాడో ఏమో, లేచి ఫ్రేములోంచి బయటికి వెళ్తాడు. పెళ్ళికూతురు అటూ ఇటూ చూస్తుంది. కుర్చీ మీంచి చెయ్యి తీసి, ఆ చెయ్యి కాసేపు నులుముకుని, వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంటుంది. హైమావతి నెయ్యి వేసి వేడి ముద్ద కలిపి ఫ్రేములోకి చెయ్యి చాపుతుంది. బాసికం చెదరకుండా తల కాస్త ముందుకి వంచి, పెళ్ళికూతురు నోరు తెరుస్తుంది.