ఎర్రపెట్ట ఒళ్లు విదిలించాక

1943లో గట్టు అనే ఊళ్లో పశువులకు గొంతువాపు వచ్చింది, సూదులు వెయ్యడానికి గద్వాల నుంచి కంపౌండర్ కురుమయ్య వచ్చాడు, వచ్చిన రోజే తిమ్మమ్మ వాకిట్లో తన కూరకు కోడిని కోసుకున్నాడు. ముందు రూళ్లకర్రతో దాని తల వెనక ఒక్కటి వేశాడు, వేలితో కన్ను ముట్టి చూశాడు, రెప్ప కొట్టలేదు, అప్పుడు కోశాడు.

"రెప్ప కొట్టలేదంటె దానికేం తెల్వదన్నట్టు, చెల్లె. హైదరాబాద్‌ల నేర్పిండ్రు మాకు" అన్నాడు.

తిమ్మమ్మను ఆ మాట పట్టుకుంది. మొగుడు లింగయ్య జ్వరం నుంచి లేస్తే ఎర్రపెట్టను ఊరి దేవత ఈదమ్మకు ఇస్తానని మొక్కుకుంది, ఆయన లేచాడు, ఇక మొక్కు తీర్చాలి. కానీ తల్లిని గద్ద ఎత్తుకుపోతే గంపలో పెట్టి తను సాకిన పెట్ట అది, పిలిస్తే ఒళ్లోకి వస్తుంది. కోసేదేమో బావ బక్కయ్య. ఆయన కత్తికి పదునుండదు, కోళ్లు సగం తెగి వాకిలంతా ఎగురుతాయి.

"మా పెట్టకు గూడ గట్లనే జెయ్యి సాబ్" అంది.

మంగళవారం ఈదమ్మ రాయి దగ్గర బక్కయ్య కత్తి పట్టుకుని నిలబడ్డాడు. కురుమయ్య కర్రతో ఒక్కటి వేశాడు, పెట్ట మెడ వాల్చేసింది.

"ఇగ కొయ్యి, జల్ది!" అన్నాడు.

"ఏంది కోసేది? నీళ్లు సల్లకముందే పండవెడితివి" అంటూ బక్కయ్య దాని మీద పసుపునీళ్లు పోశాడు. నీళ్లు పడితే కోడి ఒళ్లు విదిలించాలి, విదిలిస్తేనే అమ్మ తీసుకున్నట్టు. పెట్ట కదల్లేదు.

"సూస్తివా? అమ్మ ఒద్దంటుంది." కత్తి మొలలో దోపుకున్నాడు.

కురుమయ్య చదువులో ఈ నీళ్ల సంగతి లేదు. తిమ్మమ్మకు పుట్టినప్పటి నుంచి తెలుసు, అయినా ధ్యాసంతా బావ కత్తి మీదే ఉండి మర్చిపోయింది.

కాసేపటికి పెట్ట లేచింది, రెండడుగులు వేసి పక్కకు ఒరిగింది.

"కల్లు తాగితె మా లింగడు గిట్లనే నడుస్తడు" అన్నాడు బక్కయ్య.

అది సర్దుకున్నాక మళ్లీ నీళ్లు చల్లాడు. మెడ నుంచి తోక దాకా ఈకలన్నీ విదిలించింది.

"తీసుకున్నది! తే ఇటు."

తిమ్మమ్మ ఇవ్వలేదు. పెట్టను రెక్కలతో సహా కొంగులో చుట్టి గుండెకు పట్టుకుంది. "జర ఆగు బావ. సాబ్, ఇప్పుడు కొట్టు."

"మల్ల కొట్టుడేంది? అమ్మ సొత్తయె అది!"

"అమ్మ అడిగింది ఇదిలించుడు, బావ. గిలగిల కొట్టుకునుడు గాదు."

బక్కయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. కురుమయ్య మాత్రం కర్ర ఎత్తలేదు. "ఒక్కసారి తిన్నది పాపం. ఇందాక జర మెల్లగ కొట్టిన, గందుకే లేసింది. మల్ల సరిగ తగులకపోతె?"

"అయితె గట్టిగ కొట్టు."

కొట్టాడు. కొంగులో రెక్కలు టపటపా కొట్టుకున్నాయి.

"ఏది, తెల్వదంటివి? కొట్టుకుంటనే ఉండె" అన్నాడు బక్కయ్య.

తిమ్మమ్మ రెక్కల వైపు చూడలేదు. వేలితో దాని కన్ను ముట్టింది. రెప్ప కొట్టలేదు. ఇంకోసారి ముట్టింది.

"కొయ్యి బావ" అంది.