ఎడమ జేబులో పదిహేను తూటాలు

పన్నెండేళ్లుగా నా నడుముకు కుడిపక్కన పిస్టల్, ఎడమపక్కన తూటాలు నింపిన మ్యాగజైన్ ఒకటి అదనంగా ఉంటాయి. రెండూ చొక్కా కింద, ఎవరి కంటా పడకుండా. గ్యాస్ బండి తోలుతున్నా, చర్చిలో కూర్చున్నా, పాలడబ్బా కోసం కొట్టుకెళ్లినా అంతే. పిస్టల్ సంగతి మా ఓక్లహోమాలో ఎవరూ అడగరు. ఆ ఎడమపక్కది ఎందుకని మాత్రం తెలిసినవాళ్లు అడుగుతారు. లైసెన్సు క్లాసులో మా ముసలి మాస్టారు చెప్పిన మాటే నేనూ చెబుతాను. "తుపాకీ మొరాయించిందంటే తప్పు చాలాసార్లు మ్యాగజైన్‌దే. స్ప్రింగు పోయినదాన్ని పట్టుకుని దానికి దండం పెడతారా? రెండోది ఉండాలి." అంటే పిస్టల్‌లోని పదిహేను తూటాలు చాలక కాదు, ఉన్నవి పనిచేయకపోతే ఎలా అని.

ఈ పన్నెండేళ్లలో పిస్టల్ తీయాల్సిన అవసరం ఒక్కసారి కూడా రాలేదు. అయినా గంటకోసారి నా ఎడమ చెయ్యి అటు వెళ్లి, ఉందా లేదా అని చూసుకుని వస్తుంది. నా భార్య నడీన్‌కి అది చూస్తే ఒళ్లు మంట.

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఎప్పుడూ ఆ నడుం తడుముకుంటావేంటి, వెండెల్? అదేమన్నా కాళ్లొచ్చి పారిపోతుందా?" అంటుంది.

ఆ మార్చి మంగళవారం మాకు తొమ్మిదిన్నరకి కోర్టు. మనవరాలు బ్రిన్లీకి ఏడేళ్లు. మా అమ్మాయి షానా మాత్రలకు బానిసై మూడోసారి చికిత్సకు వెళ్లింది. పిల్ల పదకొండు నెలలుగా మా దగ్గరే ఉంటోంది. సంరక్షకులం మేమేనని జడ్జి రాసిస్తే మా దగ్గరే పెరుగుతుంది. లేదంటే వేరే కౌంటీలో ముక్కూ మొహం తెలియని వాళ్లింటికి పంపుతారు. నాకు ఈ లోకంలో ఇంకేమీ అక్కర్లేదు, ఆ సంతకం ఒక్కటి పడితే చాలు. శిశు సంక్షేమ శాఖ నుంచి టిడ్‌మోర్ అనే ఆవిడ రెండుసార్లు ఇంటికొచ్చి వెళ్లింది. తుపాకుల బీరువా తాళం లాగి చూసింది. "తుపాకులు, తూటాలు అన్నీ తాళంలోనే ఉన్నాయి" అని నా ఎదుటే రాసుకుంది.

ఆరోజు కూతురి పెళ్లికి కుట్టించిన ప్యాంటు వేసుకున్నాను. పొట్ట దగ్గర బిగుతు. మ్యాగజైన్ ఒర తగిలిస్తే బొత్తాం పట్టలేదు. అందుకని మ్యాగజైన్ ఒక్కదాన్నే కోటు ఎడమ జేబులో వేసుకున్నాను. దారి పొడవునా నాకు కుదురు లేదు. ఎర్రలైటు పడితే స్టీరింగ్ మీద వేళ్లు వాయించాను, పచ్చలైటు పడితే ముందు బండివాణ్ణి తిట్టాను.

"నువ్వట్లా ఊగిపోతుంటే జడ్జమ్మ పిల్లని మనకి కాదు, నిన్ను ఇంకోళ్లకి అప్పజెబుతుంది," అంది నడీన్. వెనక సీట్లో బ్రిన్లీ పకపకా నవ్వింది.

కోర్టు బయట బండి ఆపి పిస్టల్ తీశాను. సీటు కింద ఇనప పెట్టెలో పెట్టి తాళం వేశాను. రెండుసార్లు లాగి చూశాను. లోపలికి ఆయుధాలు పనికిరావు, నాకు తెలుసు. చూశారా ఎంత పద్ధతిగా ఉన్నానో అని నాకు నేనే మెచ్చుకున్నాను. జేబులోది మాత్రం గుర్తుకు రాలేదు. పన్నెండేళ్లు ఒంటిమీద ఉన్నదాని బరువు ఒంటికి తెలియదు. దిగేసరికి ఈదురుగాలి. బ్రిన్లీ కోటు వంటింటి కుర్చీ మీదే ఉండిపోయింది. పిల్ల పళ్లు టకటకమంటున్నాయి. నా కోటు విప్పి దానికి తొడిగాను. మోకాళ్ల దాకా వచ్చింది.

తనిఖీ గేటు దగ్గర కోల్బీ ఉన్నాడు. మా చర్చి కుర్రాడే, షెరీఫ్ దగ్గర పని. నడీన్ దాటింది. నేను దాటాను. బ్రిన్లీ దాటగానే యంత్రం కుయ్యిమంది.

"ఏంటమ్మా బంగారం, జేబులో ఏం దాచావ్? తాత డబ్బాలో బిస్కెట్లు కొట్టుకొచ్చావా?" అని నవ్వుతూ కోల్బీ పిల్ల జేబులో చెయ్యి పెట్టాడు. నవ్వు అక్కడే ఆగిపోయింది. చెయ్యి బయటికి తీసి, దాన్ని ప్లాస్టిక్ పళ్లెంలో పెట్టాడు. పైన ఇత్తడి తూటా ఒకటి మెరుస్తోంది.

"సార్... ఇది మీదేనా?"

తల ఊపాను. వరుసలో మా వెనకే ఫైలు పట్టుకుని టిడ్‌మోర్ నిలబడి ఉంది. ఆవిడ ఫైలు తెరిచి ఏదో రాసుకుంది.

"చంపావు కదయ్యా," అంది నడీన్ పళ్ల బిగువున. "మూడోక్లాసు పిల్లాడు కూడా జేబులు చూసుకుని ఇస్తాడు కోటు."

నిజానికి ఆ మాటకి నాకు కోపం రావాలి. రాలేదు.

జడ్జమ్మ అరవై దాటిన మనిషి. తలంతా తెలుపు. టిడ్‌మోర్ చెప్పిందంతా విని కళ్లజోడు తీసి నావైపు చూసింది.

"నిజంగా మర్చిపోయారా?"

"మర్చిపోయానమ్మా. అదే నాకు భయంగా ఉంది."

"దాంతో ఎప్పుడైనా అవసరం పడిందా మీకు?"

"లేదమ్మా."

ఆవిడ బ్రిన్లీని దగ్గరికి పిలిచి, పక్కన కుర్చీ వేయించింది. నా కోటు పిల్ల ఒంటిమీదే ఉంది. చేతులు కనపడటం లేదు.

"నీ జేబులో దొరికింది ఏంటో తెలుసా తల్లీ?"

"తెలుసు. తాత స్పేరు. మొదటిది పనిచెయ్యకపోతే అది పెట్టుకోవాలి."

"నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. రోజూ చూస్తాగా."

"ఎందుకది తాతకి?"

"చెడ్డవాడు వస్తే."

"ఎప్పుడైనా వచ్చాడా?"

"ఇంకా రాలేదు," అంది బ్రిన్లీ. స్కూలు బస్సు ఆలస్యమైందని చెప్పినంత మామూలుగా అంది.

కోర్టులో ఎవరూ నవ్వలేదు. నడీన్ రుమాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకుంది. నేను నా చేతుల వైపు చూసుకున్నాను. నేనెన్నడూ ఆ పిల్లకి చెడ్డవాడి కథ చెప్పలేదు. నోటితో చెప్పలేదు, అంతే.

జడ్జమ్మ చాలాసేపు రాసింది. పిల్ల మూడు నెలల పాటు మా దగ్గరే ఉండొచ్చు. తర్వాత మళ్లీ చూస్తుంది. ఒక షరతు ఉంది. పిల్ల పక్కన ఉన్నంతసేపూ నా ఒంటిమీద పిస్టల్ గానీ, తూటాలు గానీ ఉండకూడదు. "ఒప్పుకుంటారా?"

దాచడమెందుకు, ఆ క్షణంలో నాకు మండిపోయింది. లైసెన్సు నాది, హక్కు నాది, నా మనవరాలిని కాపాడుకోవద్దనడానికి ఈవిడెవరు అనిపించింది. నోటిదాకా వచ్చిన మాటని మింగేశాను. బ్రిన్లీ పొడుగు చేతుల కోటులో నావైపే చూస్తోంది.

"ఒప్పుకుంటానమ్మా," అన్నాను.

బయటికొచ్చాక నడీన్ నా బుగ్గ మీద ముద్దు పెట్టి, వెంటనే భుజం మీద ఒకటి గట్టిగా చరిచింది. రెండూ నాకు రావాల్సినవే. కోల్బీ తిరిగిచ్చిన మ్యాగజైన్‌ని కూడా ఇనప పెట్టెలో పడేసి, ముగ్గురం రోడ్డు దాటి టిఫిను హోటలుకి వెళ్లాం. మామూలుగా అయితే ఎక్కడికెళ్లినా నేను తలుపుకి ఎదురుగా, వీపు గోడకి ఆనించి కూర్చుంటాను. ఆరోజు కావాలని తలుపుకి వీపు పెట్టి కూర్చున్నాను. నడీన్ కనుబొమలు ఎగరేసింది.

మెడ వెనక చీమలు పాకుతున్నట్టుంది. తలుపు గంట మోగిన ప్రతిసారీ భుజాలు ఎగిరిపడుతున్నాయి. తిరిగి చూడకూడదని కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకున్నాను. ఎడమ చెయ్యి ఊరుకుంటే కదా. అయినా ఓర్చుకున్నాను. గెలిచాను కూడా అనుకున్నాను.

ఎదురుగా బ్రిన్లీ పళ్లెంలో పాన్‌కేకులు అలాగే ఉన్నాయి. తేనెపాకం గడ్డకడుతోంది. ఫోర్కు ముట్టలేదు. గంట మోగింది. దాని కళ్లు నా భుజం మీదుగా వెళ్లి, వచ్చినవాణ్ణి పైనుంచి కిందికి చూసి, వాడి చేతుల దగ్గర ఒక్క క్షణం ఆగాయి.

"తినమ్మా, చల్లారిపోతోంది," అన్నాను.

"నువ్వు తిను తాతా," అంది నావైపు చూడకుండానే. "తలుపు నేను చూస్తున్నాలే."