ఏసయ్య విగ్గు

నేను ఒక విగ్గును. గడ్డమూ మీసమూ కూడా నాలో భాగాలే, మమ్మల్ని విడదీసి చూడకండి. అల్లాటప్పా విగ్గునా? సాక్షాత్తూ క్రీస్తు ప్రభువు విగ్గును! గుంటూరు పక్కన ఒక ఊళ్లో ఏటా మంచి శుక్రవారం నాడు ఆడే శిలువ శ్రమల నాటకంలో నేను లేనిదే ఆయన లేడు. అలా అనుకునే ఇన్నాళ్లూ బతికాను.

తెనాలిలో నాటకాల డ్రెస్సులు కుట్టే మస్తాన్ నన్ను తయారుచేశాడు. ముందు ఋషులకి పెట్టే గడ్డం లాంటిదే అల్లబోయాడు. అప్పటి ఫాదర్ ఒప్పుకుంటేనా! సంచిలోంచి ఏసయ్య పటం ఒకటి తీసి, "ఇదిగో, అచ్చం ఇలా. నడినెత్తిన పాపిట, భుజాల దాకా జుట్టు, కొసన రెండు పాయలుగా గడ్డం" అన్నారు. మస్తాన్ నల్లటి వెంట్రుకల్ని గోధుమరంగులో ముంచి తీశాడు.

అదే పటం పెద్దది చర్చిలో ఉండేది. దానికీ నాకూ మొదటినుంచీ పడదు. దాన్ని చూసే నన్ను చేశారు, కాదనను. అయితే మాత్రం? దానికి ఏడాది పొడుగునా పూలదండలు, కొవ్వొత్తులు. నాకేమో ట్రంకుపెట్టె, కలరా ఉండలు. ఎండలో శిలువ మోసేవాడి చెమటకి తడిసేది నేను, దండాలు దానికి. ఒళ్లు మండదూ?

నన్ను పెట్టుకునేది మిర్చి యార్డులో బస్తాలు మోసే ఇన్నాసి. నేనెక్కగానే సొంత తల్లి రాయమ్మ కూడా "ఏసయ్యా" అంటూ కొడుక్కి దండం పెట్టేది. అదంతా నా చలవే. ఆ ముఖంలో ఏముంది, నా మొహం!

పోయినేడు బాలశౌరి ఫాదర్ కొత్తగా వచ్చారు. ఒక ఆదివారం చర్చి గోడకి తెల్లదుప్పటి కట్టించి, ప్రొజెక్టరు పెట్టి బొమ్మలు చూపించారు. నాటకం సామాన్లతోపాటు నన్నూ బయటికి తీశారు కాబట్టి నేనూ చూశాను. మొదటి బొమ్మకే నా వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. రోము నగరం అడుగున సమాధుల గోడ మీద పూర్వం గీసిన క్రీస్తట. భుజాన గొర్రెపిల్లను మోసే కుర్రాడు. పొట్టి జుట్టు. గడ్డమే లేదు! గడ్డం తరవాతివాళ్లు పెట్టారట. ఇథియోపియా చిత్రకారులు చామనఛాయ ముఖం గీసుకున్నారు, చైనావాళ్లు తమ కళ్లే ఆయనకీ పెట్టుకున్నారు.

"ఆయన్ని ఎదురుగా చూసి గీసిన బొమ్మ ఒక్కటీ మనదాకా రాలేదు. ఎవరి ఊరి ముఖం వాళ్లు పెట్టుకున్నారు. ఈసారి మన ఇన్నాసి విగ్గు లేకుండా వేషం వేస్తాడు" అన్నారు ఫాదర్.

ఇన్నాసి బిత్తరపోయాడు. "ఏంది ఫాదర్, అది లేకపోతే నన్నెవరు ఏసయ్య అనుకుంటారు? హమాలీ ఇన్నాసిగాడని నవ్వరా?"

శభాష్ ఇన్నాసీ, అనుకున్నాను. ఫాదర్ వింటేగా! "నవ్వితే నవ్వనియ్" అనేశారు. పైగా యూదా వేషం వేసే టైలర్ జోజి, "ఊరికే పడుంటది గదా, నాకియ్యండి ఫాదర్" అని నన్ను ఎగరేసుకుపోయాడు. క్రీస్తు తల మీంచి దిగి, ఆయన్ని పట్టిచ్చేవాడి తలకెక్కాలా? ఆ బోసి ముఖాన్ని చూసి జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాలి, ఇన్నాసి తల దించుకోవాలి, ఫాదర్ పరుగెత్తుకొచ్చి నన్ను బతిమాలాలి. అదే నా కోరిక.

శుక్రవారం వచ్చింది. ఇన్నాసి ఉత్త ముఖంతో జనం ముందు నిలబడ్డాడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఏసయ్యని పట్టిచ్చే గెత్సెమనే తోట ఘట్టంలో, ఈయనే అని భటులకి గుర్తు చూపేందుకు జోజి వెళ్లి ముద్దు పెట్టడానికి వంగాడు. నా గడ్డం ఇన్నాసి చెంపకి తగిలింది. చెంప తడిగా ఉంది, వణుకుతోంది. ఏటా జిగురుతో ఆ చెంపకే అతుక్కునేదాన్ని కదా, అప్పుడూ ఇలాగే తడిసేది. ఆ ఏడుపు నావల్లే వస్తోందనుకునేదాన్ని.

జనంలోంచి రాయమ్మ లేచింది. ఏటా దండం పెట్టే మనిషి రెండు చేతులూ చాచి అరిచింది.

"ఇన్నాసీ! పారిపో నాయనా! చంపేస్తార్రా నిన్ను, పారిపో!"

ఇక ఒక్కరూ నవ్వలేదు. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. ఇన్నేళ్లు ఆ తల మీద ఉన్నాను, ఆ కేక ఒక్కసారీ వినలేదు.

ఇప్పుడు మళ్లీ ట్రంకుపెట్టెలోనే ఉన్నాను. పటం మీద కుళ్లు పోయింది, పాపం అదీ నాలాగే ఎవరో తయారుచేసిందే. ఇన్నాసి ముఖం మీద మాత్రం పోలేదు, పోదు కూడా. మళ్లీ శుక్రవారం దగ్గరపడుతోంది. నన్ను జోజికే ఇవ్వండి ఫాదర్. ఆ చెంపదాకా నన్ను పోనిచ్చే వేషం అదొక్కటే.