చెయ్యిస్తాం

బడి హాలు గోడ మీద రాయాల్సిన వాక్యాన్ని హెడ్మాస్టరు గొంతు సవరించుకుని, సభలో చెప్పినట్టు చెప్పాడు.

"ప్రతి పేద బిడ్డకూ చెయ్యిస్తాం."

పెయింటర్ బ్రష్ నిచ్చెన మీదే ఆగిపోయింది. వెనకబడిన పిల్లల కోసమని బడికి అదనంగా నిధి వచ్చిందనీ, ఈ గోడకు పడుతున్న రంగు కూడా అందులోదేననీ అతనికి తెలుసు. రంగుతో పిల్లలకు ఏం ఒరుగుతుందో మాత్రం తెలీదు.

"చేయూతనిస్తాం అందామా సార్?"

"అరిగిపోయిన మాటయ్యా అది. ఎక్కడ చూసినా అదే. మనది కొత్తగా ఉండాలి. పక్కన చెయ్యి బొమ్మ కూడా వెయ్యి. పెద్దది."

చెయ్యివ్వడమంటే ఏమిటో నలుగురిలో తిరిగే వాళ్ళెవరికైనా తెలుసు. వస్తానని పని ఒప్పుకుని పత్తా లేకుండా పోయినవాడు చెయ్యిస్తాడు. పెళ్ళికి ఊఁ కొట్టి ముందురోజు బస్సెక్కినవాడు చెయ్యిస్తాడు. హెడ్మాస్టరు ఆ నలుగురిలో ఎప్పుడూ తిరిగినట్టు లేదు. పాపం, విడమరిచి చెబుదామనే పెయింటర్ నిచ్చెన దిగాడు.

దిగాక హాలు మూలన మేడ మెట్ల కిందికి చూపు పోయింది.

మొన్నటిదాకా అక్కడొక చాప ఉండేది. ఆ నిధితోనే పెట్టుకున్న ఒక కుర్ర టీచరమ్మ, గది ఇవ్వకపోతే, చీపుర్లు పక్కకు నెట్టి అక్కడే చదువు రాని పిల్లలను కూర్చోబెట్టుకునేది. పిల్లలు ఆమెను మెట్ల టీచరనేవారు. పెయింటర్ కూతురు చిట్టి మూడో తరగతిలోకి వచ్చినా అక్షరం పక్కన అక్షరం పెట్టలేకపోతే, ఆమె దగ్గరే ఒత్తుల భయం వదిలించుకుంది. ఈ మధ్య బస్సు బోర్డులు కూడబలుక్కుంటోంది. ఇంకొన్నాళ్ళు ఆమె పక్కన కూర్చుంటే పిల్ల ఒడ్డున పడుతుంది. చిన్నప్పుడే బడి ఎగ్గొట్టి బ్రష్ పట్టిన మనిషికి జీవితంలో మిగిలిన పంతం అదొక్కటే.

ఇప్పుడక్కడ చాప లేదు. రంగురంగుల దిళ్ళు, కాగితపు చెట్టు, పైన 'చదువుల గూడు' అని బోర్డు. దిళ్ళకు ప్లాస్టిక్ కవర్లు ఇంకా తియ్యలేదు.

"టీచరమ్మ ఏది సార్?"

"మాన్పించాం. నిధి గూటికీ గోడకీ సరిపోయింది. ఎల్లుండి పెద్ద మేడమ్ వస్తున్నారు. టీచర్ని చూపించి ఏం చెప్పమంటావు? గూడైతే కంటికి కనపడుతుంది."

"మరి పిల్లలు?"

"దిళ్ళ మీద కూర్చుంటారు."

"కూర్చుని?"

"చదువుకుంటారు."

"చదవడం రాదనే కదా సార్ వాళ్ళని అక్కడ కూర్చోబెట్టింది."

హెడ్మాస్టరు గడియారం చూసుకున్నాడు. "నీకు బొమ్మలొచ్చు. బొమ్మల సంగతి చూడు."

చెప్పబోయిన మాట మింగేసి పెయింటర్ మళ్ళీ నిచ్చెన ఎక్కాడు. చెప్పింది చెప్పినట్టు రాశాడు. మంచి ఆయిల్ పెయింటు, నల్లగా నిగనిగలాడే అక్షరాలు. ఇన్నేళ్ళలో ఎన్ని కొట్ల బోర్డులు రాసినా, ఇంత నిజం రాసే అవకాశం అతనికి ఎప్పుడూ రాలేదు.

నిధి ఇచ్చిన ఆఫీసు నుంచి మేడమ్ వచ్చింది. పిల్లల అమ్మానాన్నలను కూడా హాల్లోకి పిలిచారు. దిండు మీద కూర్చుంటే కవరు కిర్రుమంది. గోడ కింద నిలబడి ఫొటో దిగి, "మనసుకి హత్తుకుంది," అంది. ఫొటోకి ఒక పేదబిడ్డ కావాల్సొచ్చి హెడ్మాస్టరు వరసలోంచి చిట్టిని లాగాడు.

"వెనకబడిన పిల్ల మేడమ్," అని సంతలో సరుకులా చూపించి, "చదువమ్మా గోడ మీదది," అన్నాడు.

చిట్టి తలెత్తింది. "ప్ర...తి. పే...ద. బి...డ్డ..." ఒత్తు దగ్గర తడబడి, దాటింది. "బిడ్డకూ. చె...య్యి...స్తాం."

చప్పట్లు మోగాయి. హెడ్మాస్టరు ఛాతీ ఉబ్బింది. "గూడు మహిమ మేడమ్." గూడు తెరిచింది ఆ పొద్దున్నే.

చిట్టి వెనక్కి తిరిగి, నిచ్చెన పక్కన నిలబడ్డ తండ్రిని అడిగింది. "ఎవరికి చెయ్యిస్తారు నాన్నా? మెట్ల టీచరుకిచ్చారే, అలాగా?"

వెనక వరసలో ఒక తల్లి కిసుక్కుమంది. ఆమె పక్కనామె ఆపుకోలేకపోయింది. నవ్వు హాలంతా పాకింది. మేడమ్ గోడ వైపు తిరిగి, పెదాలు కదుపుతూ, అచ్చం చిట్టిలాగే కూడబలుక్కుని మళ్ళీ చదివింది.

కారెక్కేముందు ఆవిడ ఒకటే అంది. "ఆ వాక్యం సరిచేయించండి." టీచరు సంగతి అడగలేదు.

హెడ్మాస్టరు పెయింటర్ మీదికి వచ్చాడు. "తెలిసే రాశావు కదయ్యా."

"మీరు తెలిసే చెప్పారనుకున్నాను సార్. చేసేదే కదా రాయిస్తున్నారు."

"చెరిపెయ్యి."

"టీచరమ్మని పిలిపించండి. ఆమె చాప పరిచిన రోజున వచ్చి మారుస్తా. కూలి కూడా వద్దు."

"ఆహా, నువ్వు కాకపోతే ఊళ్ళో పెయింటర్లే లేరనుకున్నావా?"

ఉన్నారు. ఇంకొకడొచ్చి చౌక సున్నం ఒక పూత పూసిపోయాడు. ఆ ఖర్చూ పేదపిల్లల నిధిలోంచే. టీచరమ్మ తిరిగి రాలేదు. బట్టల కొట్లో పనికి కుదిరిందని ఎవరో చెప్పారు.

ఆయిల్ పెయింటును సున్నం ఎంతకని దాస్తుంది? ఎండ పడితే చాలు, తెల్లటి పూత వెనకనుంచి అక్షరాలు పైకి తేలుతాయి. ఆ తరవాత చిట్టి కొత్త మాట ఒక్కటీ నేర్చుకోలేదు. ఆ వాక్యం మాత్రం ఇప్పుడు ఎక్కడా ఆగకుండా గడగడా చదివేస్తుంది.