ముసుగు తీయని మూడో మనిషి

క్రిస్మస్ వెళ్ళిన రెండోనాడు, దీపం వెలిగించీ వెలిగించకముందే, తలుపు మీద దబదబా కర్రలతో బాదుడు మొదలైంది.

"వేషగాళ్ళం వచ్చాం! రానిస్తారా?"

ఊపిరి లోపలికి పీలుస్తూ పలికిన గొంతు. ఆడదో మగవాడో ఆ దేవుడికే తెలియాలి. క్రిస్మస్ పండుగ రోజుల్లో పించర్ రేవులో వేషగాళ్ళందరూ అలాగే మాట్లాడతారు.

పొద్దుటినుంచీ కాలుకాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్న ట్రైఫీనా ఠక్కున ఆగింది. పదహారేళ్ళ పిల్ల, ఇంట్లో ఫీనా అంటారు. ఒక చోట కూర్చోలేదు, ముద్ద మింగలేదు, అక్టోబరు నుంచీ అదే తంతు.

"అమ్మా, వద్దని చెప్పవే. మనింటికి వేషగాళ్ళు రాకూడదు."

"రాకేం?" అమ్మ కస్సుమంది. "చావు జరిగిన ఇంటికి రాకూడదు. ఇక్కడెవరు చచ్చారని? నోరు కడుక్కో ముందు."

ఇదిగో, ఈ మొండితనమే కొంప ముంచింది. పెద్దపిల్ల డ్రుసిల్లా అక్టోబరులో వల తీయడానికి పడవ మీద వెళ్ళింది. తుపాను లేచింది. పడవ తలకిందులై ఒడ్డుకు కొట్టుకొచ్చింది, పిల్ల రాలేదు. శవం దొరకలేదు కాబట్టి చావలేదంది అమ్మ. నల్లబట్ట కట్టలేదు, తలుపుకి నల్లగుడ్డ వేలాడదీయలేదు, పాస్టరుగారిని ప్రార్థన చదవనివ్వలేదు. నాన్నేమో చలికాలమంతా అడవిలో కలప కొట్టే పనికి పోయాడు. ఊళ్ళో అందరూ చాటుమాటుగా నొచ్చుకున్నారు గానీ, ఆవిడ నోటికి జడిసి ఎదురు చెప్పినవాడు లేడు. తలుపుకి నల్లగుడ్డ లేని ఇల్లు వేషగాళ్ళకి తెరిచిన ఇల్లే.

తొమ్మిదేళ్ళ లెట్టీ ఒక్క గెంతులో వెళ్ళి గడియ తీసేసింది.

మొదట పాత గౌను తొడుక్కుని, వీపున దిండు కట్టుకున్న గూని ముసలమ్మ. వెనక పొట్టకి ఇంకో దిండుతో లావుపాటి నావికుడు. ఇద్దరి మొహాల మీదా కిటికీ పరదా ముక్కలు, చేతులకి ఉన్ని తొడుగులు. వాళ్ళ వెనకాల సన్నగా మరొకరు, తెరచాప గుడ్డతో కుట్టిన కోటు, మొహం నిండా తెల్లని లేసు.

ముసలమ్మ ధనధనా చిందేసింది. పొయ్యి మీద కెటిల్ మూత ఎగిరిపడింది.

"ఎలై బాబాయ్!" లెట్టీ పకపకా నవ్వింది. "అంతంత పాదాలు ఇంకెవరికున్నాయి!"

"ఓసి నీ దుంప తెగ!" పరదా ఎత్తాడు ఎలై బాబాయ్. పేరు పట్టుకున్నాక ముసుగు తీయాల్సిందే, అది ఆట ధర్మం. ముసుగు తీసినవాళ్ళకి ఇంటివాళ్ళు కేకు ముక్క పెడతారు, తిని దారి పట్టాలి. బాబాయ్ దొరికాక నావికుడెవరో చెప్పడానికి జ్యోతిష్యం చూడక్కర్లేదు, ఆయన పెళ్ళాం టామ్సిన్ పిన్నే.

"మరి ఈ మూడో వేషం ఎవరు బాబాయ్?" ఫీనా అడిగింది.

"మీకు తెలుసనుకున్నా. మేం మొగుడూ పెళ్ళామే బయల్దేరాం. మీ గుమ్మం దగ్గర వెనకాల వచ్చి చేరారు."

బాబాయ్ బూట్ల నుంచి పొడి మంచు రాలుతోంది. మూడో మనిషి కోటులోంచి మాత్రం నీళ్ళు ధారగా కారి నేల మీద మడుగు కట్టాయి. లెట్టీ వేలు ముంచి నాకింది. "ఛీ, ఉప్పు!"

మూడో మనిషి ఆడటం మొదలుపెట్టింది. ఎడమ మడమ రెండుసార్లు కొట్టి, కుడికాలు వెనక్కి ఈడ్చి. ఆ అడుగు ఎవరిదో ఫీనాకి తెలుసు. అమ్మ వైపు చూసింది. అమ్మ కూడా పోల్చుకుంది, మొహం వెలిగిపోతోంది.

"పేరెత్తకు ఫీనా." అమ్మ గొంతు తగ్గించింది. "నీకు దణ్ణం పెడతా. పేరెత్తితే ముసుగు తీయాలి, తీస్తే వెళ్ళిపోవాలి. ఇలాగే ఉండనీ."

ఫీనాకీ ఉండనివ్వాలనే ఉంది. ఒట్టు. అక్క నీళ్ళోడుతూ మూల నిలబడ్డా సరే, మొహం చూపకపోయినా సరే, ఇంట్లో ఉంటే చాలు. ఈ మూణ్ణెల్లూ మంచంలో అక్క చోటు ఖాళీగా ఉంటే తనకి నిద్రన్నది లేదు.

ఆడుతూ ఆడుతూ మూడో మనిషి లెట్టీ చెయ్యి పట్టుకుంది. గిర్రున తిప్పింది. తిప్పుతూ గుమ్మం దాటించింది. లెట్టీ కాళ్ళకి మేజోళ్ళు తప్ప ఏమీ లేవు, అయినా కిలకిలా నవ్వుతూ వెంట పోతోంది. వాకిలి మెట్లు దిగితే రేవే. నీళ్ళ మీద నిన్న పట్టిన పలచని మంచు పెచ్చు, పిల్లి నడిచినా విరిగేది.

"ఓయ్, పిల్లనెక్కడికి?" ఎలై బాబాయ్ లేచాడు. లేచాడే గానీ, మడుగు దాటి ఒక్క అడుగు వేయలేకపోయాడు.

అమ్మ చూస్తూ కూర్చుంది. ఆవిడ కళ్ళకి పెద్దదే కనబడుతోంది, చిన్నది ఆనడం లేదు.

ఫీనా పరుగెత్తింది. మెట్ల మీద లెట్టీ రెండో చెయ్యి దొరకబుచ్చుకుంది.

"డ్రుసిల్లా!" అరిచింది. "నువ్వు డ్రుసిల్లావి. ముసుగు తియ్యి!"

చిందు ఆగింది. తడి తొడుగు లెట్టీ చేతిని వదిలింది. లేసు పైకి లేచింది.

భయపడేదేమీ లేదు ఆ మొహంలో. అవే మచ్చలు, అదే వంకర పన్ను. పెదాలు మాత్రం నీలంగా ఉన్నాయి.

"చలేస్తోందే ఫీనా," అంది అక్క. ఈసారి సొంత గొంతే. "పక్కలో ఎవరూ లేరు. చిన్నది వెచ్చగా ఉంటుంది కదా అని..."

"దాన్ని ఇవ్వను."

"అయితే నువ్వు రా."

చిన్నప్పటినుంచీ అక్క రమ్మంటే ఎక్కడికని అడిగిన పిల్ల కాదు ఫీనా. కొండెక్కమంటే ఎక్కింది, నీళ్ళలో దూకమంటే దూకింది. ఇప్పుడూ కాలు దానంతటదే ఒక మెట్టు దిగింది. అక్క చెయ్యి చాచింది. ఎంత దగ్గరగా ఉందో, ఒక్క అడుగు వేస్తే చాలు, ఈ తిరుగుడంతా, ఈ మంటంతా చల్లారిపోతుంది.

లెట్టీ వేళ్ళు ఫీనా అరచేతిలో వెచ్చగా గింజుకున్నాయి.

"రానక్కా."

డ్రుసిల్లా చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. కోపగించుకోలేదు. కోపగించుకున్నా బాగుండేది. వెనక్కి తిరిగి మంచు పెచ్చు మీద నడుచుకుంటూ పోయింది, పెచ్చు ఒక్కచోటా విరగలేదు.

ఇంట్లోంచి అమ్మ ఏడుపు లేచింది. పోయినవాళ్ళ పేరు పెట్టి ఏడ్చే ఏడుపు.

లెట్టీ గింజుకుని, అక్క అందకపోయేసరికి ఫీనా మణికట్టు కసిగా కొరికింది. "పంపించేశావు! అక్కని నువ్వే పంపించేశావు!"

"అవునే, నేనే పంపించేశాను," అంది ఫీనా. రక్తం చిమ్మింది. అయినా చెయ్యి వదల్లేదు.