తల దగ్గరి చోటు

వార్డు చివర కుళాయి కింద ఆమె కూతురి గౌను జాడిస్తోంది. పొద్దుటి నుంచి పిల్ల వాంతులు చేసుకుంటూనే ఉంది, ఈమె ఉతుకుతూనే ఉంది. ఇంతలో గదిలోంచి పిల్ల పకపకా నవ్వడం వినిపించింది. అంటే భర్త వచ్చాడన్నమాట. పిల్లకు రక్త క్యాన్సర్ అని తెలిసిన దగ్గర నుంచి ఆ నవ్వు ఒక్కసారి తనకు దక్కితే చాలని ఆమె కాచుక్కూర్చుంది. అది మాత్రం ఆఫీసు నుంచి ఇంటికెళ్ళి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని సాయంత్రానికి వచ్చే మనిషికే దక్కుతోంది.

ఆమెకు కుళ్ళు. పైకి చెబితే నవ్విపోతారు గానీ, కుళ్ళే. ఇంత జబ్బులో మొగుడి మీద అసూయేమిటే అని తనను తానే తిట్టుకుంది. అయినా పోలేదు. చేదు మాత్ర మింగించేది తను. నోరంతా పూసిందని ఏడుస్తున్న పిల్లను ఉప్పునీళ్ళు పుక్కిలించమని పోరేది తను. సూది గుచ్చేటప్పుడు కదలకుండా చేతులు అదిమి పట్టేదీ, "నువ్వు చెడ్డ అమ్మవి, పో" అనిపించుకునేదీ తనే. అంతా అయ్యాక అతను బుడగ పట్టుకుని లోపలికొస్తాడు, తల దగ్గర కూర్చుని ఎలుగుబంటి కథ ఎత్తుకుంటాడు. "తండ్రిని చూస్తేనే పిల్ల మొహంలో కళొస్తుంది" అని అత్తగారు మురిసిపోతుంది. ఈమెను లెక్కల టీచరు ఉద్యోగం మానమన్నదీ ఆవిడే. "ఎవరో ఒకరు దగ్గరుండాలిగా" అంది. ఆ ఎవరో ఒకరు ఎవరని అడిగే పని కూడా లేకపోయింది.

తడి గౌను భుజాన వేసుకుని గదిలోకి వచ్చేసరికి చెత్తబుట్టలో నలిగిన ప్లాస్టిక్ కాగితం కనిపించింది.

"క్రీము ఏదండీ?"

"దురదగా ఉందని పిడుగు ఒకటే గోల. తుడిచేశాను."

మందు ఎక్కించడానికి పిల్ల ఛాతీలో, చర్మం కింద చిన్న డబ్బీ పెట్టారు. దానిలోకి సూది గుచ్చడానికి గంట ముందే తిమ్మిరెక్కించే క్రీము రాసి, పైన ప్లాస్టిక్ అంటించాలి. మధ్యాహ్నమంతా బతిమాలి ఆమె రాసింది. పిల్ల అడిగిందల్లా ఇచ్చే నాన్న కదా, ఇదీ ఇచ్చేశాడు.

నర్సు ట్రే తీసుకుని వచ్చింది. సంగతి విని నిట్టూర్చింది. "మందు కలిపేశారమ్మా, మళ్ళీ గంట ఆగడానికి లేదు. ఇవాళ కొంచెం గట్టిగా పట్టుకోవాలి."

అతను అప్పటికే లేచాడు. "నేను బయటుంటాను. చూడలేనని తెలుసుగా."

చాలాసార్లు విన్న మాటే. ఈసారి ఒళ్ళు మండింది.

"నేను మాత్రం చూడగలిగే పుట్టానా?" అంది. గౌను కుర్చీ మీద పడేసి, మంచం చుట్టూ తిరిగి వెళ్ళి పిల్ల తల దగ్గర కూర్చుంది. "చేతులు మీరు పట్టుకోండి."

నర్సు ఇద్దరి వంకా చూసింది. "ఇలా రండి సార్" అని అతని చేతులు తీసి పిల్ల మణికట్ల మీద పెట్టింది.

ఆమె వంగి, "లెక్కలు రాని ఏనుగు ఒకటి ఉండేదిట" అని పిల్ల చెవిలో మొదలుపెట్టింది. సూది దిగింది. పిల్ల కెవ్వుమంది. "వదులు నాన్నా, నువ్వు చెడ్డవాడివి, పో" అని ఏడుస్తూ మొహం తిప్పి అమ్మ మెడలో దాచుకుంది. అతని మొహం పాలిపోయింది. ఆమెకు జాలి వెయ్యాలి. వెయ్యలేదు. సిగ్గుపడాల్సినంత సంతోషం వేసింది. పిల్ల బోడి తల నిమురుతూ, ఏనుగు చేత వేళ్ళ మీద లెక్కపెట్టించింది. ఏనుగుకి వేళ్ళెక్కడివని పిల్ల వెక్కిళ్ళ మధ్యే అడిగింది.

మందు చుక్కలుగా దిగుతుంటే పిల్ల నిద్రపోయింది. అతను గోడకానుకుని తన అరచేతులు చూసుకుంటున్నాడు.

"రోజూ నిన్నిలాగే అంటుందా?"

"మీరొచ్చే వేళకి అలిసిపోయి మానేస్తుంది."

అతను వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "నన్నలా అందని మా అమ్మతో అనకు" అన్నాడు.

ఆమె పిల్లకు దుప్పటి సర్దింది.

"సోమవారం మళ్ళీ సూది ఉంది. సెలవు పెట్టండి. మీరు పట్టుకుందురుగాని, కథలు నేను చెబుతాను. నాకూ వచ్చు."